మోకాలి ఆపరేషన్ అయినవారి ఓర్పు



మన పల్లెల్లో ఇప్పుడు వీధికి ఒకరైనా మోకాలి ఆపరేషన్ అయినవారు కనబడుతున్నారు. ఇందులో వింతేమీ లేదు. ముప్పై నలభై ఏళ్లు నడుము వంచి వరినాట్లు వేసి, గొంతుక్కూర్చుని కలుపు తీసి, తలమీద మోపులు మోసిన కాళ్లు అవి. గుజ్జు అరిగిపోయిందని డాక్టరు ఎక్స్‌రే చూపించి చెప్పేసరికి, ఆ అరుగుదల వెనక ఎన్ని ఎకరాల పని ఉందో మనకు తెలుసు. ఈ ఆపరేషన్ మాట మన పెద్దవాళ్లలో చాలామంది మొదట విన్నది వాజ్‌పేయి గారు ప్రధానిగా ఉన్న రోజుల్లో. ఆయనకు 2000లో ఎడమ మోకాలికి, 2001లో కుడి మోకాలికి ముంబైలో చేశారు. అప్పుడది పెద్దవాళ్ల వైద్యం. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఈ కృత్రిమ కీళ్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాక 54,720 రూపాయలు దాటకూడదని అప్పుడు చెప్పారు. అయినా ఆసుపత్రి ఖర్చంతా కలిపితే పల్లె కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. మెడలో గొలుసు బ్యాంకులో పెట్టి చేయించుకున్నవారు మన మధ్యే ఉన్నారు.

అంత ఖర్చు పెట్టి, అంత ధైర్యం చేసి ఇంటికి వచ్చాక ఆ కాలు ఏమవుతోంది? ఈ వారం మేము రాయదలచింది దాని గురించే.

మన సంఘాల్లో ఓర్పు అనే మాటకు ఒక అర్థం స్థిరపడిపోయింది. నోరు మెదపకుండా, కదలకుండా, వచ్చినదాన్ని భరిస్తూ పడుకుని ఉండటమే ఓర్పు అనుకుంటున్నాం. "అమ్మ ఎంత ఓర్పుగలదో చూడండి, మంచం దిగదు, మూలగదు" అని మెచ్చుకుంటున్నాం. మోకాలి ఆపరేషన్ విషయంలో ఈ మెప్పు మనిషిని అవిటిదాన్ని చేస్తుంది. గట్టి మాటే, కానీ ఆలోచించే రాస్తున్నాం. ఈ ఆపరేషన్ తర్వాత ఓర్పు అంటే నొప్పి పుడుతున్నా పూటపూటకూ కాలు వంచడం, చాచడం. ఈ రోజు వంగినదానికంటే రేపు వేలెడంత ఎక్కువ వంగకపోయినా, ఎల్లుండి మళ్లీ ప్రయత్నించడం.

లోపల ఏం చేశారో కొంచెం తెలిస్తే ఇది అర్థమవుతుంది. మనం "చిప్పలు మార్చారు" అంటాం గానీ, అసలు పని తొడ ఎముక కింది కొసను, పిక్క ఎముక పై కొసను చెక్కి, వాటికి లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ దిమ్మ అమర్చడం. గంటన్నర, రెండు గంటల్లో డాక్టరు ఆ పని ముగిస్తాడు. ఆ రోజో మర్నాడో వాకర్ పట్టించి నిలబెడతారు. కొత్త కీలు మొదటి రోజు నుంచే వంగగలదు. వంగనిది దాని చుట్టూ ఉన్న మన కండరం, మన చర్మం, మానుతున్న గాయం. గాయం మానేటప్పుడు లోపల మచ్చ కడుతుంది. కాలు కదులుతూ ఉంటే ఆ మచ్చ సాగుతుంది. కదలకుండా ఉంచితే బిగుసుకుంటుంది. మొదటి ఆరు వారాల నుంచి మూడు నెలల వరకు ఉన్న కాలం అందుకే అంత విలువైనది. ఆ తర్వాత కాలు బాగుపడదని కాదు, ఒక ఏడాది వరకు బాగుపడుతూనే ఉంటుంది. కానీ మొదట్లో పోగొట్టుకున్న వంపును తర్వాత రాబట్టుకోవడం చాలా కష్టం.

మాకు బాగా తెలిసిన ఒక అమ్మ ఉన్నారు. పేరు రాయం, ఊరూ రాయం. ఆపరేషన్ చక్కగా జరిగింది. ఇంటికి వచ్చిన మొదటి వారం వ్యాయామం చేయించే అబ్బాయి వచ్చి చేయించాడు. ఆమె ఏడ్చారు. ఆ ఏడుపు చూడలేక కొడుకు, "మా అమ్మను హింస పెట్టొద్దు, దానంతట అదే వస్తుంది" అని ఆ అబ్బాయిని మాన్పించాడు. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద మెత్తటి దిండు పెట్టారు. నిజంగానే హాయిగా ఉంది. రెండు నెలలకు ఆ కాలు పూర్తిగా చాపడానికి రాలేదు, కుర్చీలో కూర్చునేంత వంగడానికీ రాలేదు. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లి, మత్తు ఇచ్చి, ఆ కాలిని డాక్టర్లు చేతులతో వంచాల్సి వచ్చింది. ఆ తర్వాత అదే వ్యాయామం మొదటి నుంచి. ఆ కొడుకుది ప్రేమే. అందులో మాకు అనుమానం లేదు. కానీ ఆ ప్రేమ తల్లిని రెండుసార్లు ఏడిపించింది.

కాబట్టి దిండు విషయం ముందుగా చెబుతాం. దిండు పెట్టాలనిపిస్తే మడమ కింద పెట్టండి, మోకాలి కింద వద్దు. మడమ కింద తువ్వాలు చుట్టి పెడితే మోకాలు తన బరువుకు తానే కిందికి చాచుకుంటుంది. అది ఇబ్బందిగానే ఉంటుంది. తొడ కండరం బిగించి మోకాలిని మంచానికి నొక్కి ఐదు లెక్కపెట్టి వదలడం, మడమను పక్కమీద జారుస్తూ కాలు దగ్గరికి లాక్కోవడం, పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం — ఇవి చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటాయి. వాటిలో పాదం ఆడించడం కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా కాపాడే పని. నొప్పి బిళ్ల వేసుకున్న అరగంట, గంట తర్వాత వ్యాయామం చేస్తే తేలిక. చేశాక గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టాలి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవాలంటే మోకాలు తొంభై డిగ్రీలైనా, అంటే గోడ మూలంత, వంగాలి. ముందు ఆ మూల దాకా రావడమే గురి. ఎన్నిసార్లు, ఎంత అన్నది మీ డాక్టరు, మీకు వ్యాయామం చేయించేవారు చెప్పినట్టే చేయండి. పక్కింటివారి లెక్క మీది కాదు.

పక్కింటివారి లెక్క అనగానే పరామర్శలు గుర్తొస్తున్నాయి. మన ఊళ్లలో పరామర్శ ఒక గొప్ప ధర్మం. అది పోకూడదు. కానీ మంచం పక్కన కూర్చుని మనం అనే మాటల బరువు మనకు తెలియదు. "మా మేనత్తకు నెలకే కర్ర పక్కన పడేసింది, నీకింకా వాకరేనా?" అంటాం. వయసు వేరు, షుగరు వేరు, ఆపరేషన్‌కు ముందు కాలు ఎంత వంకర తిరిగిందో వేరు. మూడో వారంలో ఉన్న మనిషికి రాత్రి నిద్ర ఉండదు, ఏ పక్కకు తిరిగినా కాలు సలుపుతుంది, అన్నం సహించదు, కారణం లేకుండా ఏడుపొస్తుంది. అనవసరంగా చేయించుకున్నానేమో అని అనుమానం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఆ వారంలో ఆమెకు పోలిక చెప్పడం కంటే కాసేపు ఊరకే కూర్చోవడం మేలు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నేలమీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే చెడింది.

విశ్వాసుల మాటల్లో ఇంకొకటి ఉంది, అది మరీ లోతుగా గుచ్చుకుంటుంది. "విశ్వాసం ఉంటే ఆపరేషన్ ఎందుకమ్మా?" అని ఒకరు, "ప్రార్థన చేశాం కదా, ఇంకా నొప్పేంటి?" అని ఇంకొకరు. ప్రియులారా, హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, పదిహేనేళ్ల ఆయుష్షు కలిపాడు. అదే అధ్యాయంలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయమన్నాడు. జవాబు వచ్చేసింది గనుక ముద్ద అక్కర్లేదని ప్రవక్త అనలేదు. పౌలు పక్కన ప్రయాణం చేసిన లూకా వైద్యుడు. ప్రార్థనకూ మందుకూ మధ్య తగవు పెట్టింది మనమే, వాక్యం కాదు.

ఈ సందర్భంలో రెండు మూడు సంగతులు సూటిగా చెప్పాలి. ఎవరైనా నొచ్చుకుంటే క్షమించాలి. ప్రార్థన నూనె ఆపరేషన్ గాయం మీద రాయవద్దు. నుదుట రాయండి, చాలు. చేతులుంచి ప్రార్థించేవారు తలమీద చేయి ఉంచండి, మోకాలి మీద కాదు. పిన్నులు తీసేవరకు, అంటే సుమారు రెండు వారాల వరకు, ఆ గాయానికి నీళ్లూ చేతులూ దూరంగా ఉండాలి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పేరు ఇచ్చాం కదా అని ఆపరేషన్ అయినవారు ఖాళీ కడుపుతో నొప్పి బిళ్లలు వేసుకోవద్దు. షుగరు ఉన్నవారు అసలే వద్దు. ఆ రోజు కడుపునిండా తిని మా కోసం ప్రార్థించండి, మేము మీ వంతు ఉపవాసం ఉంటాం.

తిండి మాట వచ్చింది గనుక: పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు తింటే గాయం మానదని చారూ అన్నంతో సరిపెడుతున్న ఇళ్లు మేము చూస్తున్నాం. ఇది పూర్తిగా తలకిందులు. గాయం మానడానికీ, కండరం పట్టడానికీ కావలసిందే పప్పు, గుడ్డు, పాలు, చేప. డాక్టరు వద్దన్నది మానండి, పెద్దమ్మ వద్దన్నది కాదు.

తైలం మర్దనా చేసేవారూ ఇలాంటప్పుడే వస్తారు. ఆరిన ఎముక మీద మర్దనా సంగతి ఏమోగానీ, కొత్త కీలు పెట్టిన కాలిని, పిక్క వాచి ఉన్న కాలిని గట్టిగా పిసకడం ప్రమాదం. పిక్కలో రక్తం గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, జ్వరం తగిలినా, గాయం లోంచి రసి కారినా, కాలు మడతబడి కిందపడినా ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని ఊరుకోవద్దు. ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేయండి, ఆయాసం, ఛాతీ నొప్పి అయితే ఫోన్ కూడా కాదు, 108 పిలవండి. అదే సమయంలో, భయపడనవసరం లేనివీ ఉన్నాయి. మోకాలు కొన్ని నెలలపాటు వెచ్చగా ఉండటం, సాయంత్రానికి కొంచెం వాయడం, మచ్చ పక్కన చర్మం మొద్దుబారినట్టు ఉండటం, నడుస్తుంటే లోపల టిక్కుమనడం — ఇవి చాలామందికి ఉంటాయి. తర్వాత్తర్వాత కూడా కాలి పుండునో, పంటి చీమునో నిర్లక్ష్యం చేయకూడదు. అక్కడి చీము రక్తం ద్వారా కొత్త కీలుకు చేరవచ్చు.

ఇక ఇంటి సంగతి. మన ఇళ్లు ఈ ఆపరేషన్ కోసం కట్టినవి కావు. గడప ఎత్తు, బాత్రూం పెరట్లో, అది కూడా గొంతుక్కూర్చునేది. ఆసుపత్రికి వెళ్లే ముందే కమోడ్ కుర్చీ తెచ్చి పెట్టుకోవాలి. చేతులున్న ఎత్తైన కుర్చీ ఒకటి కావాలి, నులకమంచం మీంచి లేవడం కుదరదు. దారిలో పట్టాలు, గోనెలు తీసేయాలి, రాత్రి లైటు ఉండాలి. కర్ర ఆపరేషన్ కాలి వైపు కాక రెండో చేతిలో పట్టుకోవాలని చాలామందికి తెలియదు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

వస్తువులకంటే మనుషులది పెద్ద సంగతి. మగవారికి ఆపరేషన్ అయితే భార్య చేస్తుంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఆడవారికి అయితే ఇల్లంతా ఆగిపోతుంది, రెండో వారానికే "కాస్త పొయ్యి దగ్గర కూర్చోగలవా?" అని అడుగుతారు. అమ్మలు కూడా అడక్కముందే లేచి వెళ్తారు. వ్యాయామానికి రాని కాలు వంటింటికి మాత్రం ఎలా వస్తుందో మాకు అర్థం కాదు! గంటసేపు పొయ్యి దగ్గర నిలబడటం వ్యాయామం కాదు, దానివల్ల కాలు వాస్తుంది. వాచిన కాలు సాయంత్రం వంగదు. ఇది భర్తలకు చెబుతున్నాం: అయ్యా, ఆరు వారాలు అన్నం మీరు వండండి. రాకపోతే నేర్చుకోండి. కోడళ్ల గురించి కూడా ఒక మాట. పగలు పొలం పని, రాత్రి అత్తగారి సేవ చేస్తున్న కోడలిని పరామర్శకు వెళ్లినవారు కనీసం "నువ్వు తిన్నావా తల్లీ?" అని అడగరు. సంఘంలోని స్త్రీలు వారానికి రెండు పూటలు ఆ ఇంటికి కూర పంపితే అది గృహ ప్రార్థనకు ఏమాత్రం తక్కువ కాదు.

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికి వస్తాం. ఆపరేషన్ అయిన అమ్మలు మమ్మల్ని చాటుగా పిలిచి అడిగే ప్రశ్న కాలు ఎప్పుడు వంగుతుందని కాదు. "అయ్యగారూ, నేనింక మోకరించలేనా?" అని. చిన్నప్పటి నుంచి తెల్లవారుజామున చాప మీద మోకరించి ప్రార్థించిన మనిషి ఆమె. నేలమీద బాసింపట్టు వేసుకుని మూడు గంటల ఆరాధనలో కూర్చున్న మనిషి. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ప్రార్థిస్తుంటే దేవుని ఎదుట కాలు మీద కాలు వేసుకున్నట్టు సిగ్గుపడుతోంది. కొందరు ఈ సిగ్గుతోనే నెలల తరబడి మందిరానికి రావడం మానేశారు.

ఈ కొత్త మోకాలితో మోకరించడం అందరికీ సాధ్యం కాదు. కొందరు గాయం పూర్తిగా మానాక, మెత్తటి దాని మీద, డాక్టరు ఒప్పుకుంటే కొద్దిసేపు మోకరించగలరు. చాలామందికి అది బాధగా ఉంటుంది. నేలమీద కూర్చోవద్దని, గొంతుక్కూర్చోవద్దని మన డాక్టర్లు సాధారణంగా చెబుతారు. దాన్ని లోబడి వినడమే మంచిది.

"దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించలేదా? ప్రభువు గెత్సెమనేలో మోకరించలేదా?" అని అడిగేవారున్నారు. నిజమే. మోకాళ్లు ఉన్నవారు మోకరించాలి, మోకాళ్లు బాగున్న యువకులు వెనక వరసలో గోడకు చేరబడి ఫోన్ చూస్తుంటే మేమూ బాధపడుతున్నాం. కానీ దావీదు రాజు నాతాను ప్రవక్త మాట విన్నాక దేవుని సన్నిధికి వెళ్లి కూర్చుని ప్రార్థించాడని సమూయేలు రెండో గ్రంథం ఏడో అధ్యాయంలో ఉంది. అమాలేకీయులతో యుద్ధం జరిగిన రోజు మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు ఏం చేశారు? ముందు ఒక రాయి తెచ్చి ఆయన కింద వేశారు. ఆయన దానిమీద కూర్చున్నాడు. ఆ తర్వాతే చెరొక చేయి పట్టుకున్నారు. ఆ మనిషి కూర్చుని ఉండగానే ఇశ్రాయేలు గెలిచింది. "ప్రవక్తవై ఉండి కూర్చుంటావా?" అని ఎవరూ అడగలేదు. యబ్బోకు రేవు దగ్గర తొడగూడు తప్పి కుంటుతూ నడిచిన యాకోబు, ముసలితనంలో చేతికర్ర మీద ఆనుకుని దేవుణ్ణి ఆరాధించాడని హెబ్రీ పత్రికలో చదువుతున్నాం. విశ్వాసవీరుల వరసలో ఆయన గురించి రాయడానికి ఆ కర్రతో ఉన్న ఘడియనే ఎంచుకున్నారు.

మమ్మల్ని అడిగిన అమ్మలకు మేము చెబుతున్నది ఇది. ఉదయం వ్యాయామం చేసే పావుగంటనే మీ ప్రార్థన వేళ చేసుకోండి. కాలు బిగించి ఐదు లెక్కపెట్టే చోట ఐదుగురి పేర్లు చెప్పుకోండి. ఒక అమ్మ అలా మొదలుపెట్టారు. పెద్ద కొడుకు, చిన్న కొడుకు, హైదరాబాదులో ఉన్న మనవరాలు, పక్కింటి తాగుబోతు, చివర మా పేరు. "మీ పేరు దగ్గరికొచ్చేసరికి నొప్పి ఎక్కువవుతుంది అయ్యగారూ, గబగబా వదిలేస్తున్నా" అని నవ్వించారు. ఆమె కాలు ఇప్పుడు బాగానే వంగుతోంది.

ఒక కాలు బాగుపడ్డాక రెండో కాలికి భయపడుతున్నవారు కొందరున్నారు. వారిని తొందర పెట్టవద్దు, భయపెట్టనూ వద్దు. మొదటి కాలి రోజులు ఆ ఇంట్లో ఎలా గడిచాయో, దాన్నిబట్టే రెండో కాలి ధైర్యం ఉంటుంది. అందులో మన చేతిలో ఉన్నది కూడా కొంత ఉంది.

మన మందిరంలో కుడివైపు గోడ వెంట చేతులున్న కుర్చీలు ఆరు వేయించాం. అవి మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి, ఆపరేషన్ అయినవారికి. పిల్లలు వాటి మీద సంచులు పెట్టవద్దు. బల్ల ఆరాధన రోజున వారు లేచి ముందుకు రానవసరం లేదు, రొట్టె, ద్రాక్షరసం వారి దగ్గరకే తీసుకొస్తాం. మందిరం వెనక బాత్రూంలో కమోడ్, గోడకు పట్టుకోవడానికి ఒక పైపు పెట్టించాలని పెద్దలు అనుకుంటున్నారు. తాపీ పని తెలిసినవారు ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పది నిమిషాలు ఆగండి.